వీపు లేని కెమెరాకు బహిరంగ లేఖ

జేబులో ఇమిడిపోయే 360 డిగ్రీల కెమెరాకు,

ఉత్తరం అన్నాక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడినట్టు ఉండాలంటారు. నీ విషయంలో అదే కుదరడం లేదు. నీకు ముందూ లేదు, వెనకా లేదు. అటొక కన్ను, ఇటొక కన్ను. ఒక్కొక్కటీ 180 డిగ్రీలకు మించే చూస్తుంది. ఆ రెండు బొమ్మలనూ అంచులు కలిపి కుట్టేస్తే గది మొత్తం, పైన తిరిగే ఫ్యానూ కింద విడిచిన చెప్పులూ సహా, ఒకే ఫోటోలోకి వచ్చి కూర్చుంటుంది. ఎటు నిలబడి తిట్టినా నీ ఫోటోలో పడతాను కనుక, ఏ వైపు నుంచి మొదలుపెట్టాలా అన్న ఆలోచన మానేసి రాస్తున్నాను.

నువ్వు నాకు కొత్తేమీ కాదు. 2013లో జపాన్ కంపెనీ రికో ‘థీటా’ పేరుతో నీ పెద్దన్నను బజారులోకి తెచ్చింది. సన్నగా, పొడుగ్గా, వంద గ్రాములైనా తూగని కడ్డీ. అంతకుముందు అలాంటి ఫోటో కావాలంటే స్టాండు మీద కెమెరాను కొద్దికొద్దిగా తిప్పుతూ వరసగా తీసి, కంప్యూటర్లో ఓపిగ్గా అతికించుకోవాలి. థీటాతో ఒక్క నొక్కుకు గోళమంతా వచ్చేసింది. 2015లో యూట్యూబ్ 360 వీడియోలకు తలుపు తీసింది. మరుసటి ఏడాది ఫేస్‌బుక్ 360 ఫోటోలను చేతితో తిప్పి చూసే ఏర్పాటు చేసింది. శాంసంగ్, ఎల్‌జీ, నికాన్ అదే ఏడాది తలా ఒక 360 కెమెరా దించి, కొన్నాళ్లకు తలా ఒక దారిన తప్పుకున్నాయి. వాళ్లు తప్పుకున్నా నువ్వు పోలేదు. షెన్‌జెన్ నుంచి వచ్చిన ఇన్‌స్టా360 నిన్ను యూట్యూబర్ల కర్రకు తగిలించింది. అక్కణ్ణుంచి మా పెళ్లిళ్లకూ, పుట్టినరోజులకూ, గృహప్రవేశాలకూ దిగావు.

నీకు పనే లేదని నేను అనను. కట్టుబడిలో ఉన్న అపార్టుమెంటులో గోడలకు ప్లాస్టరింగు చేయకముందు పైపులు ఎటు పోయాయో, వైర్లు ఎక్కడ దిగాయో ఒక చుట్టు తీసి పెట్టుకుంటే తర్వాత గోడ పగలగొట్టే బాధ తప్పుతుంది. అమ్మకానికి పెట్టిన ఇంటిని డల్లాస్‌లో ఉన్నవాడు కూర్చున్నచోట నుంచే చుట్టూ తిప్పి చూసుకోవచ్చు. 2022 జులైలో గూగుల్, జెనెసిస్, టెక్ మహీంద్రా కలిసి హైదరాబాద్‌తో సహా పది నగరాల్లో స్ట్రీట్ వ్యూ తెచ్చినప్పుడు, వీధిని చుట్టూ చూపించే ఆ విద్య ఎంత ఉపయోగమో కొత్త అడ్రసు వెతుక్కునే ప్రతివాడికీ తెలిసింది. కానీ ఒకటి గమనించు. ఆ స్ట్రీట్ వ్యూలో మనుషుల ముఖాలు మసకబారి ఉంటాయి. బండ్ల నంబరు ప్లేట్లూ అంతే. వ్యాపారం కోసం వీధులు తిరిగే కంపెనీ పాటించే ఆ పాటి మర్యాద, మా పిన్ని కొడుకు చేతిలో ఉన్నప్పుడు నీకు లేదు. నా ఫిర్యాదంతా అక్కడే.

పాత కెమెరాకు ఒక ముఖం ఉండేది. అది ఎటు తిరిగితే అటువాళ్లు సర్దుకునేవారు. పమిట సరిచేసుకునేవారు, నోట్లో ఉన్నది మింగేసేవారు, చంకలో పిల్లవాడి ముక్కు తుడిచేవారు. ‘అందరూ ఇటు చూడండి’ అని ఫోటోగ్రాఫరు కేకేయగానే ఇష్టం లేనివాళ్లు మెల్లగా పక్కకు జరిగేవారు. ప్రతి ఇంట్లోనూ అలా జరిగిపోయే మేనత్త ఒకరుంటారు, ఎవరూ ఆవిణ్ణి బలవంతపెట్టరు. అన్నిటికంటే పెద్ద సుఖం ఫోటోగ్రాఫరు వీపు వెనక ఉండేది. అక్కడ కూర్చుని ఆవలించవచ్చు, పెళ్లికొడుకు జీతం గురించి గొణుక్కోవచ్చు, వదినగారి నెక్లెసు గిల్టో కాదో తేల్చుకోవచ్చు. పెళ్లిలో నిజమైన పెళ్లి జరిగేదంతా ఆ వెనకాలే. నువ్వు వచ్చి ఆ వెనకభాగాన్ని రద్దు చేశావు.

మా బంధువుల పెళ్లిలో జరిగిందే చెబుతాను. తలంబ్రాల వేళ మా పిన్ని కొడుకు నిన్ను కర్ర చివర గుచ్చి పందిరి మధ్యలో పైకెత్తాడు. అందరి కళ్లూ వధూవరుల మీదే. కర్ర చూసినవాళ్లు కూడా అది వేదిక వైపే చూస్తోందనుకున్నారు. సాయంత్రానికి ఫేస్‌బుక్‌లో గోళం వెలిసింది. వధూవరులు అందులో చిటికెనవేలంత ఉన్నారు. వాళ్లను వదిలేసి చుట్టాలంతా ఫోటోను వెనక్కి తిప్పారు. ఆఫీసులో జ్వరమని చెప్పి వచ్చిన బావ ఐస్‌క్రీం గిన్నెతో దొరికాడు. అది నవ్వుకునే సంగతి. అదే ఫోటోలో విడిదిగది తలుపు సగం తీసి ఉంది. లోపల ఒకావిడ చీర కుచ్చిళ్లు సరిచేసుకుంటోంది. ఆవిడ ఎవరో, ఆమెకు ఈ సంగతి తెలిసిందో లేదో చెప్పను. కబురు పెట్టాక ఫోటో తీసేశారు. తీసేసేలోపు ఎంతమంది ఎటు తిప్పి చూశారో ఎవరికి తెలుసు? మా తమ్ముడు దుర్మార్గుడేమీ కాదు. తను వేదికను తీశాననే అనుకున్నాడు. తీసినవాడికే తెలియకుండా తీసిపెట్టడం నీ ప్రత్యేకత.

ఇంతకంటే చిత్రమైనది నీ కర్ర మాయ. రెండు కన్నుల మధ్య, నీ మందం మేర, ఏదీ కనబడని సన్నటి చోటు ఒకటుంటుంది. కర్ర సరిగ్గా ఆ చోటులో నిలుస్తుంది. రెండు బొమ్మలనూ కుట్టేటప్పుడు అది మాయమవుతుంది. ఫోటో చూసేవాళ్లకు కెమెరా గాలిలో తేలుతున్నట్టుంటుంది. ఈ గారడీ చూపించే అమ్మకందార్లు నిన్ను అమ్ముతారు. నాకు మాత్రం దీంట్లో తిరకాసు కనిపిస్తుంది. ఆ పందిట్లో, ‘ఇక్కడ ఫోటో తీస్తున్నారు’ అని జనాన్ని హెచ్చరించిన వస్తువు ఆ కర్ర ఒక్కటే. అందరినీ ఫోటోలోకి లాగి, దాన్నొక్కదాన్నే తుడిచేస్తావు.

చుట్టూ చూడాలన్న కోరిక నీతో పుట్టిందని కూడా అనుకోకు. 1904లో అమెరికాలో పేటెంటు పొందిన సర్కట్ అనే కెమెరా ఉండేది. మీట నొక్కితే లోపలి మర దాన్ని స్టాండు మీద మెల్లగా తిప్పేది. దానికి తగ్గట్టు ఫిల్మూ కదిలేది. బారెడు పొడవు గ్రూపు ఫోటో వచ్చేది. బడిపిల్లల్నీ, సైనికుల్నీ అర్ధచంద్రాకారంలో నిలబెట్టి తీసేవారు. తుంటరి కుర్రాళ్లు దానితోనూ ఆడుకున్నారు. ఈ కొసన నిలబడి ఫోటోలో పడి, కెమెరా తిరిగేలోపు వెనకనుంచి పరుగెత్తి ఆ కొసన మళ్లీ నిలబడేవారు. ఒకే ఫోటోలో ఒకే కుర్రాడు రెండు చోట్ల పళ్లికిలిస్తూ ఉంటాడు. కెమెరా చూపు ఎక్కడుందో తెలుసు కనుకే ఆ ఆట సాగింది. నీ చూపు నుంచి తప్పుకుని పరుగెత్తే చోటేది?

మా హైదరాబాద్ సంగతే చూడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్, 1892లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. దాన్ని నడిపే బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఫోటో తీయించుకోవడమే వింత అనిపించే రోజుల్లో, తీసేవారెవరు, చూసేవారెవరు అన్నది ముందే ఆలోచించి దానికో గోడ కట్టారు. పరదా పద్ధతి మంచిదని వాదించడానికి ఇది చెప్పడం లేదు. ఎవరు చూడాలన్నది ఫోటోలో ఉన్న మనిషికి సంబంధించిన విషయమని ఆ బరువైన గాజుపలకల కాలంలోనే గుర్తించారని చెబుతున్నాను.

చట్టం ఉంది కదా అంటావేమో. ఉంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో చెప్పింది. అనుమతి లేకుండా మనిషి మర్మాంగాల చిత్రాలు తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. చాటుగా స్త్రీలను చూసి చిత్రించే వెధవల కోసం భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ ఉంది. ఇవన్నీ దురుద్దేశానికి వేసిన వలలు. ఆవలిస్తున్న పెదనాన్న, పెరుగన్నం కలుపుకుంటున్న అత్తయ్య, ఆరేళ్ల క్రితం విడిపోయిన భర్త కంట పడకూడదని ఊరు మారిన అమ్మాయి, వీళ్లెవరూ ఈ వలలకు అందరు. 2023లో వచ్చిన డిజిటల్ డేటా రక్షణ చట్టమేమో, మనుషులు సొంతానికీ ఇంటి అవసరానికీ చేసుకునే పనులను తన పరిధిలోంచి వదిలేసింది. ఇంటి ఫోటోల మీద పోలీసులు పడటం నాకూ ఇష్టం లేదు. అంచేత మిగిలింది మర్యాద ఒక్కటే.

ఇక ఫోటోగా నీ పనితనం. ఇంత అల్లరి చేసి పోనీ మంచి ఫోటో ఇస్తావా అంటే అదీ లేదు. పెట్టె మీద 8కె అని రాసుకుంటావు. వెడల్పు 7680 పిక్సెళ్లు, నిజమే. కానీ దాన్ని 360 డిగ్రీలకు పంచాలి. చూసేవాడికి ఫోను తెర మీద ఒకసారి కనిపించేది 90 డిగ్రీల ముక్క అనుకుందాం. దాని వాటాకు వచ్చేవి 1920. అంటే ఎప్పటిదో ఫుల్ హెచ్‌డీ. రాత్రి పందిరి దీపాల వెలుగులో చిన్న సెన్సరు పుట్టించే గరుకుతనం దీనికి అదనం. మూడు నాలుగు మీటర్ల దూరంలో ఉన్న మనిషి నీ లెక్కలో చీమ. దగ్గరకొస్తే ముక్కు ముందు, మనిషి వెనక. నిన్ను చేత్తో పట్టుకున్నవాడి బొటనవేలు అన్నిటికంటే పెద్దది, అది పెళ్లికూతురి కంటే ఘనంగా పడుతుంది.

కుట్టు సంగతి మరీ ఘోరం. రెండు కన్నులూ ఒకే బిందువులో లేవు కదా, మధ్యలో నీ మందం ఉంది. దూరంగా ఉన్న గోడకు, గుట్టకు ఆ తేడా లెక్కలోకి రాదు. చేతికి అందేంత దగ్గర ఉన్నదాన్ని మాత్రం రెండు కన్నులూ రెండు చోట్ల చూస్తాయి. ఆ అతుకు ఎవరి మీద పడితే వాళ్లకు చెవి సగమవుతుంది, గాజులు రెట్టింపవుతాయి. బంతిలో భోజనానికి కూర్చున్న మామయ్య విస్తరిలో అప్పడం ముక్కలైనట్టు కనిపిస్తే అది అప్పడం తప్పు కాదు.

అన్నీ సవ్యంగా కుదిరినా, ఆ ఫోటో చేరే చోటు ఏది? మా చుట్టాల ప్రపంచం నడిచేది వాట్సాప్‌లో. గోళాన్ని అందులో పడేస్తే అది గోళంగా తిరగదు. భూగోళాన్ని విప్పి గోడ పటంగా పరిచినప్పుడు ధ్రువాల దగ్గర నేల సాగిపోతుందే, అలా పైకప్పూ నేలా ఈ కొస నుంచి ఆ కొసకు సాగి, మధ్యలో మనుషులు వంకర వరసలో నిలబడతారు. మొన్న మా పిన్ని కొడుకు అలా పంపిన ఒక ఫోటోకు మా అమ్మమ్మ పెట్టిన వాయిస్ మెసేజ్: “ఒరే నాయనా, హాలు ఇలా వంగిపోయిందేవిట్రా, పునాది సరిగా వేశారో లేదో కనుక్కోండి.” దానికి జవాబు చెప్పలేక మావాడు ఇంకోటి పంపాడు. దాన్ని ‘చిన్న గ్రహం’ అంటారు. నేలను బంతిలా చుట్టి, మనుషులను దాని మీద ముళ్లలా గుచ్చి, ఆకాశాన్ని చుట్టూ పరిచే పద్ధతి. మొదటిసారి చూస్తే సరదా. రెండోసారి చూసేసరికి అరకు లోయా, ఆర్కే బీచీ, చార్మినారూ, మా పెరడూ ఒకే లడ్డూలా కనిపిస్తాయి. ఎక్కడికి వెళ్లొచ్చారో తెలియని ప్రయాణపు ఫోటో ఎందుకు?

‘ముందు తీసేయండి, ఫ్రేము తర్వాత చూసుకోండి’ అన్నది నిన్ను అమ్మేవాళ్ల ప్రధాన వాదన. వినడానికి హాయిగా ఉంది. ఆ ‘తర్వాత’ ఎప్పుడొస్తుందో వాళ్లు చెప్పరు. ఇంటికెళ్లి, మెమరీ కార్డు ఖాళీ చేసి, ఒక్కో గోళాన్నీ తిప్పి తిప్పి, ఇందులో ఏ పక్క బాగుందా అని వెతికి, ఆ ముక్క కోసి దాచాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లు నీతో చక్కటి పని చేస్తున్నారు, కాదనను. మిగతావాళ్లు వెతకడం మానేసి గోళాన్ని గోళంగానే లోకం మీదికి విసురుతున్నారు. ఎటు చూడాలో తీసినవాడు తేల్చుకోలేదు గనక ఆ పని చూసేవాడి నెత్తిన పడుతుంది. చూసేవాడికి మాత్రం తీరికేది? తెర మీద మొదట కనబడిన పక్క చూసి, లైకు కొట్టి, పైకి తోసేస్తాడు. పూర్తిగా తిప్పి చూసేది ఒక్కరే, ఎవరు ఎవరితో వచ్చారో ఆరా తీసే మనిషి. అలాంటివాళ్లు ప్రతి వంశంలోనూ ఉన్నారు. నువ్వు పనిచేస్తున్నది ప్రధానంగా వాళ్లకే.

(పెళ్లిళ్లలో గుండ్రటి అరుగు మీద నిలబెట్టి చుట్టూ కెమెరా గిరగిరా తిప్పే బూత్ ఒకటి వస్తోంది కదా, దాన్నీ 360 అనే అంటున్నారు. దాని డీజే మోత భరించడం కష్టమే కానీ, దాని మీద నాకు ఈ ఫిర్యాదు లేదు. ఎక్కినవాళ్లు ఇష్టపడే ఎక్కుతారు.)

నీకు తగిన ఫోటో ఉండదా అంటే ఉంది. నేను చూసినవాటిలో ఒక్కటి గుర్తుండిపోయింది. అమ్మేసిన పాత మండువా ఇల్లు, పడగొట్టే ముందు చివరిసారి చుట్టాలంతా చేరారు. నిన్ను మండువా నడుమ కంటి ఎత్తులో చిన్న స్టాండు మీద నిలబెట్టారు. అందరూ నీ చుట్టూ వలయంగా, మరీ దూరం పోకుండా నిలబడ్డారు. అతుకు పడే రెండు వైపులా మనుషులు లేకుండా స్తంభాలు వచ్చేలా నిన్ను తిప్పి పెట్టారు. తీసే ముందు అందరికీ చెప్పారు. వద్దనుకున్న ఒకరిద్దరు వంటింట్లోకి వెళ్లారు. ఆ ఫోటోను తిప్పుతుంటే ఒక్కో ముఖం వెనకా ఆ ముఖానికి తెలిసిన గది కనిపిస్తుంది: తాతయ్య వెనక పడమటిల్లు, దొడ్డమ్మ వెనక ధాన్యపు గాదె. మామూలు కెమెరాకు అది సాధ్యం కాదు. అక్కడ వెనకా ముందూ లేకపోవడమే కావలసింది. ఆ ఇంటి మనుషులు ఫ్రేము ముందే తేల్చుకున్నారు, నీ చుట్టూ నిలబడి.

కనుక నా కోరిక నిన్ను మూసీలో పారేయమని కాదు. నీకు చెబితే నీ యజమానికి చేరుతుందని రాస్తున్నాను, కాబట్టి ఇక్కణ్ణుంచి అతనికే చెబుతాను.

నాయనా, దీన్ని పైకెత్తే ముందు నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పు: “ఇది అన్ని వైపులా తీస్తుంది, ఇష్టం లేనివాళ్లు కాసేపు అవతలికి వెళ్లండి.” అలా చెబితే ఫోటో సహజంగా రాదని వాదించకు. సహజత్వం నీకు కావాలి, పరువు వాళ్లకు కావాలి, వాళ్లదే ముందు. ఇంటికెళ్లాక నీకు కావలసిన పక్క కోసుకుని అదే పెట్టు, గోళం మొత్తం నీ దగ్గరే ఉంచుకో. మొత్తం పెట్టక తప్పదనుకుంటే ముందు నువ్వే ఒకసారి పూర్తిగా చుట్టూ తిప్పి చూడు. తలుపులు, కిటికీలు, అద్దాలు, పిల్లలు. తెలియని ముఖాలను మసకబార్చు. ఎవరైనా తీసేయమంటే కారణం అడక్కుండా తీసేయ్.

కొన్ని చోట్ల ఈ మర్యాద కూడా చాలదు. తిరుమల గుడిలోకి ఫోను కూడా పోనివ్వరు గనక అక్కడ బెంగ లేదు. కానీ 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రాజమండ్రి, కొవ్వూరు, భద్రాచలం, బాసర ఘాట్ల మీద తడిబట్టల్లో లక్షలమంది ఉంటారు. నదిని తీస్తున్నాననుకుంటావు, నీ కెమెరా వెనకనున్న మెట్లన్నిటినీ తీస్తుంది. అక్కడ అందరికీ చెప్పడం ఎవరివల్లా కాదు, ఎవరూ పక్కకు తప్పుకోలేరు. ఆ పన్నెండు రోజులూ దాన్ని బసలోనే వదిలేసి రా. నది ఫోటో కావాలంటే నీ ఫోను ఉంది, దాన్ని నీళ్ల వైపు తిప్పి తీసుకో.

ఇట్లు,
బంధుమిత్రుల శుభకార్యాలకు తరచూ హాజరయ్యే ఒక అతిథి